పరుగు ఆగాక కూడా ఆయాసం ఎందుకు? భీమవరం సుబ్బారావు గారు వెతికిన జవాబు

స్పోర్ట్స్ డే రోజు వంద మీటర్ల పందెం చూసిన పేరెంట్స్ అందరికీ ఇది తెలిసిన దృశ్యమే. పదిహేను, ఇరవై సెకన్లలో పరుగు అయిపోతుంది. గీత దాటిన పిల్లవాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడతాడు. కాళ్లు ఆగాయి, కానీ ఊపిరి ఆగదు. రెండు మూడు నిమిషాలు రొప్పుతూనే ఉంటాడు. పని అయిపోయాక కూడా అంత ఆక్సిజన్ ఎవరికి కావాలి? పిల్లలు క్లాసులో ఈ ప్రశ్న అడిగినప్పుడు అలసిపోయారు కాబట్టి అని చెప్పి ఊరుకుంటాం. అది జవాబు కాదు, ప్రశ్ననే తిప్పి చెప్పడం. అసలు జవాబుకు దారి వేసినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన పేరు జీకే పుస్తకాల్లో ఫోలిక్ ఆసిడ్ పక్కన, క్యాన్సర్ మందు పక్కన కనిపిస్తుంది. పిల్లలు బట్టీ పట్టి ఒక మార్కు తెచ్చుకుంటారు. అంతకు ముందు పదిహేనేళ్లకు పైగా ఆయన బోస్టన్‌లో చేసిన పని, అంటే కండరం లోపల ఏం జరుగుతుందో కనిపెట్టిన పని గురించి మాత్రం మన ఊళ్లలో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఈ నెల ఆ కథ చెప్పాలనిపించింది.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. అప్పుడు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇల్లు గడవడమే కష్టం. పిల్లవాడికేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు పళ్లు అమ్ముకుని బాగా సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, వెనక్కి పట్టుకొచ్చారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. వెంకమ్మ గారు నగలు అమ్మి మరీ చదివించారట.

రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. మా స్కూల్లో వారానికో టెస్టు, నెలకో ర్యాంక్ లిస్టు పెట్టే మేము కూడా ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మూడో ప్రయత్నం దాకా ఓపిక పట్టిన తల్లి ఉండబట్టి ఆయన కాలేజీ మెట్లెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, ఆ తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు.

అవి గాంధీ గారి ఉద్యమ రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లో ఖద్దరు గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి నీరసించిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది, లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. తిన్న తిండి శక్తిగా ఎలా మారుతుంది, మారకపోతే మనిషి ఎందుకు అలా ఎండిపోతాడు అన్నది ఆయనకు పుస్తకంలో ప్రశ్న కాదు, ఇంట్లో చావు.

1920ల మొదట్లో ఓడెక్కి అమెరికా వెళ్లారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాటిచ్చింది, మిగతాది మామగారు సర్దారు. భార్యను ఇక్కడే వదిలి వెళ్లారు, కొన్నాళ్లలో వచ్చేస్తానన్నట్టుగానే వెళ్లారు. బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో డిప్లొమా చదివారు. చేతిలో డబ్బు లేక రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా చేశారు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

ఫిస్కే అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి నమ్మకమైన పద్ధతి కావాలి. ఇద్దరూ కలిసి తయారు చేసిన పద్ధతి 1925లో అచ్చయింది. పరీక్షించాల్సిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, రంగు తెప్పించే ఇంకో రసాయనం వేస్తారు. ఫాస్ఫేట్ ఉంటే నీలి రంగు వస్తుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు నీలం. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ల్యాబులన్నిటికీ చేరింది. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో నేర్చుకుంటారు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. పిల్లి కండరం నుంచి తీసిన ద్రవాన్ని ఇదే పద్ధతిలో పరీక్షిస్తే రంగు వెంటనే రాలేదు. నెమ్మదిగా, నిమిషాలు గడిచేకొద్దీ ముదిరింది. ఇంకొకరైతే రసాయనం పాతబడిందనో, చేతిలో పొరపాటనో మళ్లీ కలిపి ఊరుకునేవారేమో. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ద్రవంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, దేన్నో పట్టుకుని ఉంది, ఆ పట్టు కొద్దికొద్దిగా వీడుతోంది, వీడినకొద్దీ రంగు వస్తోంది. పట్టుకున్నది క్రియాటిన్ అని తేల్చారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని లోకానికి ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే సమయంలో దీని జాడ పట్టారు. అది ఏ పదార్థమో కచ్చితంగా చెప్పింది మాత్రం హార్వర్డ్ జంట.

విశ్రాంతిలో ఉన్న కండరంలో ఈ పదార్థం నిండుగా ఉంది. కండరాన్ని విద్యుత్తుతో కదిలిస్తే తగ్గిపోయింది. కాసేపు వదిలేస్తే మళ్లీ నిండింది. రెండేళ్లకు, 1929లో, ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచే ఏటీపీని కూడా వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది అదే పదార్థాన్ని విడిగా కనుక్కున్నారు. ఇవాళ ఇంటర్ బైపీసీ పిల్లలు శక్తికి కరెన్సీ అని చదువుకునే ఏటీపీ అదే.

మనకు ఇన్వర్టర్ తెలుసు కాబట్టి దీన్ని అలా చూస్తే తేలిక. కండరం కదలాలంటే ఏటీపీ కావాలి. కానీ నిల్వ ఉండే ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది. పరుగు మొదలవగానే ఆక్సిజన్‌తో నడిచే పెద్ద యంత్రాంగం అదే క్షణాన ఊపందుకోలేదు, దానికి కొంత సమయం పడుతుంది. ఆ మధ్యలో ఫాస్ఫోక్రియాటిన్ ఇన్వర్టర్‌లాగా ఆదుకుంటుంది. తన ఫాస్ఫేట్ ఇచ్చేసి ఏటీపీని నిలబెడుతుంది. కరెంట్ వచ్చాక ఏమవుతుంది? ఫ్యాన్లన్నీ కట్టేసినా ఇన్వర్టర్ మాత్రం చార్జింగ్ కోసం కరెంట్ లాగుతూనే ఉంటుంది, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. గీత దాటి వంగి నిలబడ్డ పిల్లవాడి కాళ్ల కండరాలు చేస్తున్నది ఆ పనే. కదలడం లేదు, చార్జ్ అవుతున్నాయి. దానికే ఆ ఆక్సిజన్.

ఇది అప్పటికి కొత్త మాట. అంతకు ముందు అందరూ కండరం పనికి ల్యాక్టిక్ ఆసిడే మూలం అనుకునేవారు. ఆ దారిలో చేసిన పరిశోధనకే ఏ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది. పరుగు తర్వాత అదనంగా వాడే ఆక్సిజన్‌కు ఆక్సిజన్ అప్పు అని పేరు పెట్టింది హిల్ గారే. ఆ అప్పంతా ల్యాక్టిక్ ఆసిడ్‌ను వదిలించుకోవడానికే అనుకున్నారు. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ ల్యాక్టిక్ ఆసిడ్ తయారవకుండా ఆపినా కండరం కొంతసేపు పనిచేస్తుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని చూపించారు. 1933లో హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీలో మార్గరియా, ఎడ్వర్డ్స్, డిల్ మనుషుల్ని పరిగెత్తించి కొలిస్తే, ఆ అప్పులో త్వరగా తీరే మొదటి భాగానికి ల్యాక్టిక్ ఆసిడ్‌తో సంబంధమే లేదని తేలింది. అప్పటికి సుబ్బారావు అదే యూనివర్సిటీలో ఉన్నారు.

ఆ తర్వాతి తరాల పరిశోధన దీన్ని ఇంకా స్పష్టం చేసింది. వ్యాయామం ఆపగానే తొడకు పట్టీ బిగించి రక్తం అందకుండా చేస్తే ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి నిండదు. పట్టీ వదిలి ఆక్సిజన్ అందగానే నిండడం మొదలవుతుంది. అంటే విశ్రాంతిలో ఉన్న కండరం ఎంత చురుగ్గా ఆక్సిజన్ వాడుకోగలదో దీన్నిబట్టి కొలవొచ్చు. ఇప్పుడు సూది కూడా గుచ్చకుండా ఎంఆర్ స్కానర్‌లో పడుకోబెట్టి, కాలు కాసేపు ఆడించి, ఆపాక ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తారు. రోజూ పరుగు, సైకిల్, ఈత లాంటి ఏరోబిక్ వ్యాయామం చేసేవాళ్లలో త్వరగా నిండుతుంది. కదలకుండా కూర్చునేవాళ్లలో నెమ్మదిగా నిండుతుంది. కారణం 1967లో అమెరికాలో జాన్ హొలోజీ చూపించారు. కొన్ని వారాలు పరిగెత్తించిన ఎలుకల కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపైంది. ఆ సామర్థ్యం ఉండేది మైటోకాండ్రియాలో. వ్యాయామంతో అవి పెరుగుతాయి.

మన కొల్లేరు పక్క చేపల చెరువులున్న పేరెంట్స్‌కు ఇంకో పోలిక చెప్పొచ్చు. తెల్లవారుజామున చేపలు కదలకుండా ఉన్నా చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు తిప్పాల్సి వస్తుంది. ప్రాణమున్నది ఊరికే ఉన్నా ఆక్సిజన్ వాడుతూనే ఉంటుంది. మన ఒంట్లో కూడా అంతే. పెద్దవాళ్ల బరువులో దాదాపు 40 శాతం కండరమే. ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు ఒళ్లు నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటే, అందులో అయిదో వంతు కండరాలదే. గట్టిగా పరిగెత్తేటప్పుడు లెక్క తిరగబడి, మొత్తంలో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వ్యాయామం చేస్తే కూర్చున్నా నిద్రపోయినా కొవ్వు కరుగుతూనే ఉంటుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చాలా పెంచి చెబుతాయి. ఒక కిలో కండరం రోజంతా విశ్రాంతిలో ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు. ఒక ఇడ్లీ ముక్కంత కూడా కాదు. ఏరోబిక్ వ్యాయామం వల్ల విశ్రాంతిలో ఉన్న కండరానికి వచ్చే అసలు లాభం వేరు. అవసరం పడ్డప్పుడు ఆక్సిజన్‌ను త్వరగా అందుకోగలగడం, ఖర్చైన నిల్వను త్వరగా నింపుకోగలగడం. మెట్లెక్కిన పిల్లవాడు అరనిమిషంలో మామూలు అవుతాడా, అయిదు నిమిషాలు ఆయాసపడతాడా అన్న తేడా చాలావరకు అక్కడే ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక, అందులో ఎక్కువ ఏరోబిక్ తరహాది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేరెంట్స్ మీటింగ్‌లో గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని అడిగేవారు ప్రతిసారీ ఒకరిద్దరు ఉంటారు. పోటీ ఎలా ఉందో నాకు తెలుసు, మీ భయం కూడా అర్థమవుతుంది. అయినా నా అభిప్రాయం మాత్రం గేమ్స్ పీరియడ్ వైపే. పిల్లలు బస్సులో గంట, క్లాసులో ఏడెనిమిది గంటలు, ఇంట్లో హోంవర్క్‌కు ఇంకో రెండు గంటలు కూర్చునే ఉంటున్నారు.

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి వస్తాను. 1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. పేపర్లలో ఫిస్కే పేరు ముందు, ఈయన పేరు వెనుక. పేరు కోసం తాపత్రయపడే స్వభావం ఈయనది కాదు. ఫిస్కే దగ్గరే చదువుకుని ఆ తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు చేసిన పనిలో కొంత ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని తర్వాతి రోజుల్లో చెప్పారు. భారతీయులు అమెరికా పౌరులయ్యే వీలు కూడా లేని కాలం అది.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. తర్వాత ఎనిమిదేళ్లలో జరిగినదాని గురించి విడిగా ఇంకో వ్యాసం రాయాలి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. వెంటనే దాన్ని స్ప్రూ రోగుల మీద వాడి చూశారు, పనిచేసింది. ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బు అదే. ఈ పత్రిక చదివే తల్లులందరూ కడుపుతో ఉన్నప్పుడు ఐరన్‌తో కలిపి మింగిన మాత్ర కూడా అదే. బోదకాలు జబ్బుకు హెట్రజాన్ వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించిన డీఈసీ మాత్ర దాని అసలు పేరు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ కనుక్కున్నది కూడా సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే.

ఫోలిక్ ఆసిడ్‌ను పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ బృందం తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనే దాన్ని బోస్టన్ పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. అప్పటిదాకా ఆ పిల్లలకు వారాలో, నెలలో మాత్రమే మిగిలి ఉండేవి. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ మన ఏలూరు మందుల షాపుల్లో కూడా దొరుకుతుంది.

ఆ మధ్య పదో తరగతి బాబు తండ్రి ఒకరు జిమ్‌లో క్రియాటిన్ పౌడర్ వాడమంటున్నారు, మంచిదేనా అని అడిగారు. మాంసం, చేప తినేవాళ్లకు కొంత క్రియాటిన్ తిండిలోనే అందుతుంది, మిగతాది ఒళ్లే తయారు చేసుకుంటుంది. ఎదిగే పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా ఆ డబ్బాలు కొనకండి. డబ్బా మీద ఆ పేరు ఎందుకుందో మాత్రం ఆ బాబుకు చెప్పాను. పిల్లి కండరం, ఆలస్యంగా వచ్చిన నీలి రంగు, భీమవరం. తన తాతగారిది ఉండి పక్కనే, ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు అన్నాడు.

సుబ్బారావు గారు మళ్లీ ఇండియా రాలేదు. భార్యను మళ్లీ చూడలేదు. ఫార్బర్ ఫలితాలు వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.